ఐసు గదిలోంచి జవాబు

యాభై ఎనిమిదో సంవత్సరం, ఎండలు మండిపోతున్న రోజులు. ఆ ఐసు ఫ్యాక్టరీలో చివరి గదికి చెడ్డపేరుంది. ఎప్పుడో ఒక కూలీ లోపలుండగా ఎవరో తలుపు మూసేస్తే, బిగుసుకుపోయి చచ్చాడట. అప్పటినుంచి ఖాళీ గదిలోంచి కూడా మాట వినిపించేదని చెప్పుకునేవారు.

తలుపుకి అడ్డకమ్మీ బయటే ఉంటుంది. వేసేముందు ఇనుప కొక్కెంతో తలుపు తట్టి, "లోపలెవరు?" అని అడగాలి. అది అక్కడి పద్ధతి. కానీ ఆ గది ఊరుకోదు కదా... "నేనే" అంటుంది, సన్నగా, గొంతు పూడుకుపోయినట్టు. విని విని పనివాళ్ళకి అలవాటైపోయింది. అడగడం అడిగేవారు. జవాబు వచ్చినా కమ్మీ వేసేసేవారు.

అక్కడ పనిచేసే ఇద్దరు అన్నదమ్ముల్లో, ఆ రాత్రి తలుపు మూసే వంతు అన్నకి వచ్చింది. తనకి రావలసిన మేస్త్రీ పని ఆ వారమే తమ్ముడికిచ్చారు. అది చాలదన్నట్టు పొద్దున వాడు అందరి ముందూ, "రంపపు పొట్టు సరిగ్గా కప్పు అన్నా. ఐసు కరిగిపోతే నీ చెమట గడ్డకట్టించి అమ్ముతామా?" అని నవ్వించాడు.

అన్న కొక్కెంతో తట్టాడు.

"లోపలెవరు?"

"నేనే అన్నా... దిమ్మలు చూస్తున్నా. ఆగు."

గది ఏనాడూ ఎవర్నీ "అన్నా" అని పిలవలేదు. బూట్లు తొడుక్కోవడానికి తమ్ముడు విడిచిన చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. అన్న చూశాడు. చూసి —

కమ్మీ వేశాడు.

ఇంటిదారి పొడుగునా మనసులో ఒక గొంతు బుజ్జగిస్తూనే ఉంది. "నువ్వు విన్నది దెయ్యాన్నే. అందరూ వేసినట్టే వేశావు. తెల్లారితే నిన్నెవరేమంటారు?"

ఇంకో గొంతు ఒక్కటే అంటోంది — "చెప్పులు చూశావు."

ఇంట్లో భార్య వడ్డించింది. "ప్రార్థన చెయ్యండి, చల్లారిపోతోంది."

మోకాళ్ళు వంగాయి. "ప్రభువా" అన్నాడు. ఆ పైన నాలుక కదల్లేదు.

"మరిది రాలేదేం మీతో?" అంది మెల్లగా.

లేవబోయాడు. మొదటి గొంతు భుజాలు పట్టి అణిచింది. "ఇప్పుడు తీస్తే వేసింది నువ్వేనని తెలిసిపోతుంది."

"తెలియనీ" అన్నాడు పైకే... పరిగెత్తాడు.

కమ్మీ ఎత్తాడు. తమ్ముడు తలుపుకి చేరబడి, ఒంటినిండా పొట్టు కప్పుకుని ఉన్నాడు. ఊపిరుంది. బయటికి లాగి, ఆ చేతులు తన చొక్కాలో పెట్టుకున్నాడు.

"నేనే వేశానురా... తెలిసే వేశాను. ఇంటికెళ్ళాక మనసు ఒప్పలేదు."

తమ్ముడి పెదవులు కదిలాయి.

"ఇంటికెప్పుడెళ్ళావు? ఇంతసేపూ తలుపవతలే ఉన్నావుగా... నీ గొంతే. పడుకోరా... పడుకో, ఇక లేవక్కర్లేదు అంటూ..."

అన్న వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

తమ్ముడి కుడిచేతికి బొటనవేలొక్కటే మిగిలింది. బతికినన్నాళ్ళూ అన్న గొంతు వినిపిస్తే లేచి వెళ్ళిపోయేవాడు.