సిద్ధాంతి వేసిన సున్నా

"శాంతి చర్చలకు వచ్చే అతిథి విమానం మధ్యాహ్నం దిగుతుంది. సరిగ్గా దిగేటప్పుడు టవర్ గొంతు నొక్కెయ్యాలని విదేశీ ముఠా ప్లాను," అన్నాడు చీఫ్. "లైన్‌మన్ లాకప్పులోనే ఉన్నాడు కదయ్యా, మరి పొద్దున మళ్ళీ టవర్ లింకు ఎలా పడిపోయింది?"

గుమ్మడికాయల దొంగ ఎవరని అడిగినట్టు ఏజెంట్ భుజాలు తడుముకున్నాడు. ఆఫీసులో అతన్ని సిద్ధాంతి అంటారు. నెట్‌వర్క్ మొరాయిస్తే కేబుల్ తెగిందా, కార్డు కాలిందా, ఎవరైనా చెయ్యి పెట్టారా, పెడితే ఎవరు అని ఒక్కోదానికీ ముందు ఓ అంచనా వేసి, వచ్చే ప్రతి అలారంతో దాన్ని హెచ్చవేసి సవరించే ప్రోగ్రాం అతనిది. పోయిన వారం అది లైన్‌మన్ వైపు వేలు చూపింది. ఆ పెద్దమనిషిని పిల్లల ముందే జీపెక్కించారు. "నాకేం తెలీదు బాబూ" అన్న ఆ గొంతు సిద్ధాంతిని ఇంకా వదల్లేదు.

ఏసీ మెకానిక్ వేషంలో ఎయిర్‌పోర్టు సర్వర్ రూంలో దూరాడు. స్క్రూడ్రైవర్ పిడిలో దాచిన స్కానర్‌ని ర్యాక్‌కి తగిలించి, పొద్దుటి అలారాలన్నీ ప్రోగ్రాంకి మేపాడు. అది మళ్ళీ లైన్‌మనే అంది.

"లాకప్పులో ఉన్నవాడు లింకెలా పీకుతాడే, మొద్దుదానా!"

అప్పుడు కనబడింది. అనుమానితుల వరుసలో నెమలి పేరుకెదురుగా సున్నా. కంట్రోల్ రూంలో డిపార్ట్‌మెంటే నాటిన సొంత ఏజెంట్ నెమలి. ఆమె నవ్విందంటే మనవాడికి లోకం కనపడదు. "ఆమెందుకు చేస్తుందిలే" అని తన చేత్తోనే సున్నా వేశాడు. సున్నాని దేంతో హెచ్చవేసినా సున్నాయే. ఇక ఎన్ని సాక్ష్యాలొచ్చినా ప్రోగ్రాం ఆమెను అనుమానించదు. ఆమెను పక్కన పెడితే ఆ ర్యాక్‌ని ముట్టుకోగలిగేది లైన్‌మన్ ఒక్కడే. పాపమంతా అతని నెత్తిన పడింది. సిద్ధాంతి సిగ్గుతో కుంచించుకుపోయాడు.

సున్నా చెరిపి, వెయ్యిలో ఒక వంతు పెట్టాడు. తెర మీద అంకెలన్నీ ఒక్కసారిగా ఆమె వైపు ఒరిగిపోయాయి.

కంట్రోల్ రూం తలుపు తోసేసరికి నెమలి లిప్‌స్టిక్ మూత తిప్పుతోంది. అందులో ఉన్నది టవర్ సిగ్నల్ నొక్కేసే జామర్.

"ఇక్కడ చల్లగానే ఉందే, మెకానిక్ గారూ!"

"కాసేపట్లో వేడెక్కుతుంది మేడమ్."

ఆమె అతని గొంతు గుర్తుపట్టింది. "నువ్వా! నన్నే అనుమానిస్తున్నావా?"

"ఆ పని ముందే చెయ్యాల్సింది."

ఆమె వేలు మీట పూర్తిగా నొక్కేలోగా మణికట్టు ఒడిసిపట్టాడు. స్పీకర్లో పైలట్ గొంతు గరగరలాడి తేరుకుంది. "టవర్, దిగుతున్నాం."

సాయంత్రం లాకప్ తాళం సిద్ధాంతే తీశాడు. "తప్పు నాదే పెద్దాయనా. క్షమించండి."

లైన్‌మన్ చొక్కా దులుపుకున్నాడు. "మీ లెక్కలో నాకెంత వేశారు బాబూ?"

"నూటికి ఐదు."

"మరి ఆవిడకి?"

"సున్నా."

"మా ఆవిడే నయం బాబూ. నేనంటే ప్రాణమే, అయినా జేబులు వెతక్కుండా పడుకోదు."

సిద్ధాంతికి నవ్వు రాలేదు. ఆఫీసుకెళ్ళి అనుమానితుల వరుసలో మొట్టమొదట తన పేరే ఎక్కించాడు. ఎదురుగా సున్నా మాత్రం వెయ్యలేదు.