‘మ’ లేని మాట

లియొంతిన్ కాఫీ కప్పు కింద పెట్టాడు. నాప్‌కిన్‌తో మూతి తుడుచుకున్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినవాడిలా కిటికీ వైపు చూసి, అలాగే బల్ల మీదికి వాలిపోయాడు.

కునుకు పట్టిందనుకుంది పక్క బల్ల దగ్గరి ముసలావిడ. కేకుల షాపు ఓనరు వచ్చి భుజం తడితే కుర్చీలోంచి జారి నేల మీద పడ్డాడు. బుకారెస్ట్ నడిబొడ్డున, పట్టపగలు, జనం కేకులు తింటుండగా జరిగిన హత్య అది.

"సైనైడ్," అన్నాడు కర్నల్ డోబ్రె, మధ్యాహ్నం ఇంటెలిజెన్స్ ఆఫీసులో తన గదిలో. "కాఫీలో."

ఎదురుగా కూర్చున్న సెవెర్ లుప్షా తలూపాడు. లియొంతిన్, తనూ ఒకే బ్యాచ్. ట్రాన్స్‌లేషన్ సెక్షన్‌లో పక్కపక్క బల్లల మీద పదేళ్ళు ఇంగ్లీషు తర్జుమా చేశారు. సెవెర్‌కి ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. భార్య రొదికా చనిపోయిన చలికాలం నుంచి అతనికేదీ లోపలిదాకా దిగడం లేదు. ఆమె శవపేటిక మీద మట్టి వేసినప్పుడు కూడా, చేతికి గ్లౌజులు తెచ్చుకోవాల్సిందనే అనుకున్నాడు.

"రేపు ప్రొఫెసర్ విట్‌కోమ్‌ని కోన్‌స్తాంత్సాకి తీసుకెళ్ళాలి," అన్నాడు కర్నల్. "అక్కడి పోర్టులోంచి దొంగ ఆయుధాలు దాటిస్తున్న విదేశీ ముఠా పేర్లన్నీ ఆయన కోర్టులో చెబుతాడు. ఆయనకి ఇంటర్‌ప్రెటర్‌గా వెళ్ళాల్సింది లియొంతినే. ఇప్పుడు స్మరాందా వెళ్తుంది."

"ఆవిడ ముఠాలో మనిషి కదా సార్?"

"ముఠాలో ఉంటూ మనకి పనిచేస్తున్న మనిషి. డబుల్ ఏజెంట్. పుట్టింది ఇక్కడే, పెరిగింది కెనడాలో. నువ్వు డ్రైవర్‌వి. పేరు ఫానె. మీసం పెట్టుకో. నీ మొహానికి నప్పుతుంది."

కర్నల్ టేప్‌రికార్డర్ మీట నొక్కాడు. టాక్సీవాళ్ళు మాట్లాడుకునే వేవ్‌లెంగ్త్ మీద పొద్దున పట్టిన మెసేజ్. గొంతు మార్చే యంత్రంలోంచి వచ్చింది. ఆడో మగో తెలీదు. ఒకే ఒక్క వాక్యం.

"ఒప్రెస్క్ లా పొద్."

"వంతెన దగ్గర ఆపుతాను," అన్నాడు కర్నల్. "చెర్నవోదా దగ్గర డాన్యూబ్ వంతెన. కారు ఆపి ప్రొఫెసర్ని లేపేస్తారు. అందుకే వంతెన నిండా మనవాళ్ళని దింపుతున్నా. అక్కడ కారు ఆపినవాడు ఎవడైనా సరే, షూట్ చెయ్యమని ఆర్డర్."

"ఏం ఆపుతాడు సార్? మాట సగంలో తెగినట్టుంది."

"కారాపుతాడు. ఇంకేం ఆపుతాడు, ఊపిరా?"

ఒకప్పుడైతే సెవెర్ వాదించేవాడు. లియొంతిన్ బతికుంటే ఇద్దరూ కలిసి ఆ ఒక్క వాక్యం మీద పూటంతా కొట్టుకునేవాళ్ళు. ఇప్పుడు లేచి మీసం తెచ్చుకోడానికి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున బరగాన్ మైదానం మీద ఈదురుగాలి రోడ్డుకి అడ్డంగా మంచు దొర్లిస్తోంది. నల్ల కారు వెనక సీట్లో ప్రొఫెసర్ విట్‌కోమ్, పక్కన స్మరాందా. నక్కబొచ్చు కాలరు కోటు, ఎర్రటి లిప్‌స్టిక్. పెట్రోలు బంకులో కుర్రాళ్ళు గొట్టం పట్టుకోవడం కూడా మర్చిపోయి చూశారు.

ప్రొఫెసర్ ఒళ్ళో పెద్ద ఇంగ్లీషు-రుమేనియన్ డిక్షనరీ ఉంది. పొద్దున స్మరాందా ఇచ్చిన బహుమతి.

"‘ఐ యామ్ కోల్డ్’. ఎలా అనాలి? సుంత్ రెచె?" అడిగాడాయన.

స్మరాందా పకపకా నవ్వింది. "అలా అన్నారంటే మీ ఆవిడ విడాకులిస్తుంది. ‘నేను రాతిగుండె మనిషిని’ అని అర్థం. ‘మి-యె ఫ్రిగ్’ అనండి. నాకు చలేస్తోంది అని. ఏమంటావ్ ఫానె అన్నా?"

"అంతేనమ్మా," అన్నాడు సెవెర్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. ఆ రెండిట్లో తనకి నప్పేది మొదటిదే అనుకున్నాడు.

"అన్నా, నువ్వు నవ్వవా? బుకారెస్ట్ నుంచి చూస్తున్నా."

"డ్యూటీలో నవ్వితే జీతం కోస్తారు."

"నవ్వకపోతే పెంచుతారా?"

"పెంచలేదు."

దూరంగా డాన్యూబ్ వంతెన ఉక్కు కమానులు కనిపించాయి. స్మరాందా డిక్షనరీ తెరిచి ప్రొఫెసర్‌కి ఒక పేజీ చూపించింది. గుర్తుకోసం పెట్టిన ఎర్ర సిల్కు రిబ్బను పట్టుకుని మెల్లగా బయటికి లాగింది. పుస్తకం మూసి ఆయన ఒళ్ళో పెట్టింది. అద్దంలో ఆమె మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది.

"ఫానె అన్నా, కాస్త కారాపు. సిమ్ట్ రౌ."

సెవెర్ పాదం బ్రేకు మీదికి వెళ్ళి, నొక్కకుండా ఆగింది.

ఒంట్లో బాగోలేదని చెప్పాలంటే ఇక్కడ పసిపిల్లలు కూడా ‘మ సిమ్ట్ రౌ’ అంటారు. ఆ ‘మ’ అంటే ‘నన్ను’. అది లేకపోతే ‘కీడు కనిపెడుతున్నా’ అన్నట్టుంటుంది. ఇంగ్లీషులో ఆ ‘మ’ అక్కర్లేదు. ‘ఐ ఫీల్ బ్యాడ్’. ఇంగ్లీషులో ఆలోచించే మనిషి, కంగారులో, మాటకి మాట పెట్టేసింది.

అప్పుడు టేపులోని గొంతు గుర్తొచ్చింది. అందులోనూ ‘మ’ లేదు.

ఇంగ్లీషువాడికి ఆగడానికీ ఆపడానికీ ఒకటే మాట, స్టాప్. రుమేనియన్‌లో ‘ఒప్రెస్క్’ అంటే ఆపుతాను. ‘మ ఒప్రెస్క్’ అంటే ఆగుతాను. టేపులో మనిషి చెప్పాలనుకున్నది కారు ఆపుతానని కాదు. వంతెన దగ్గర తను ఆగిపోతానని. అక్కడ దిగిపోతానని. కారు మాత్రం ముందుకెళ్ళి, మనవాళ్ళంతా మూగిన చోట పేలిపోతుందని...

సెవెర్ తలుపులన్నీ లాక్ చేసి యాక్సిలరేటర్ తొక్కాడు.

"ఆపు! ఆపమంటున్నానా!" స్మరాందా తలుపు లాగింది. రాలేదు. మోచేత్తో అద్దం పొడిచింది.

"బాంబెక్కడ?"

ఆమె కళ్ళు డిక్షనరీ మీద పడి, చటుక్కున తప్పుకున్నాయి.

అప్పటికే కారు వంతెన మీదికి వచ్చేసింది. రెండు పక్కలా తుపాకులతో మనవాళ్ళు. నదిలోకి తప్ప విసరడానికి చోటు లేదు. ఇక్కడ కారాపినవాడిని కాల్చెయ్యమని ఆర్డరుందని సెవెర్‌కి తెలుసు. ఆపాడు.

వెనక్కి వంగి ప్రొఫెసర్ ఒళ్ళోంచి డిక్షనరీ లాక్కుని తలుపు తోసుకుని దూకాడు. "కదలకు!" అని ఎవరో అరిచారు. రెయిలింగ్ దాకా పరిగెత్తి, చెయ్యి వెనక్కి చాచి విసిరాడు. అదే క్షణంలో తుపాకీ పేలింది. ఎవరో భుజమ్మీద చరిచినట్టయింది.

పుస్తకం నీళ్ళని తాకకముందే గాలిలో పేలింది. వంతెన ఒక్కసారి ఒళ్ళు విదిల్చుకుంది. ఆ తర్వాత చాలాసేపు కాలిన కాగితం ముక్కలు మంచుతో కలిసి డాన్యూబ్ మీదికి రాలాయి.

స్మరాందాని బేడీలేసి తీసుకెళ్తూ అతని ముందు ఒక్క క్షణం ఆపారు. సెవెర్ రెయిలింగ్‌కి ఆనుకుని కూర్చున్నాడు. కోటు చెయ్యి ఎర్రగా తడిసింది. మీసం సగం ఊడి వేలాడుతోంది.

"ఎక్కడ దొరికాను?" అడిగింది.

"‘మ’ దగ్గర."

ఆమెకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. "మా అమ్మ దానికే తిట్టేది," అంది. "నేను ఇంగ్లీషులోనే జవాబిచ్చేదాన్ని."

"లియొంతిన్ కాఫీలో కలిపింది నువ్వేనా?"

తల తిప్పుకుంది. అది చాలు. ఇప్పుడైనా కోపం వస్తుందేమోనని సెవెర్ ఎదురుచూశాడు. రాలేదు. ఆమెని తీసుకెళ్ళిపోయారు.

ప్రొఫెసర్ వణుకుతూ వచ్చి తన మఫ్లర్ విప్పి అతని భుజానికి చుట్టాడు. "నొప్పిగా ఉందా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"ఇంకా రాలేదు," అన్నాడు సెవెర్. "మీరు వేరే కారెక్కండి. కోర్టుకి లేటవుతుంది."

ఆ సాయంత్రం ప్రొఫెసర్ పేర్లన్నీ చెప్పాడు. తెల్లారకముందే పోర్టులో ముఠావాళ్ళు దొరికారు.

మెద్జిదియా ఆసుపత్రికి మర్నాడు కర్నల్ డోబ్రె కమలాపళ్ళు పట్టుకుని వచ్చాడు. ఒకటి తనే ఒలుచుకు తిన్నాడు. తర్వాత టైపు చేసిన రిపోర్టు దుప్పటి మీద పెట్టాడు.

"చదివి సంతకం పెట్టు. పైవాళ్ళు అడుగుతున్నారు."

సెవెర్ చదివాడు. ‘మెసేజ్ అర్థం చేసుకోవడంలో పొరపాటు జరిగింది. ఆర్డర్ జారీ అయింది. కారు ఆగింది. తుపాకీ పేలింది. ఏజెంటుకి గాయమైంది.’

"అర్థం చేసుకున్నదెవరో రాయలేదు సార్."

"పొరపాటు జరిగిందని రాశాగా."

"ఆర్డర్ ఇచ్చిందెవరో?"

"జారీ అయిందన్నాగా. మన భాషలో ఆ సుఖం ఉంది. వాడుకోకపోతే ఎలా?" కర్నల్ పెన్ను మూత తీసి చేతికిచ్చాడు. "ఊఁ, కానీ."

కట్టు కట్టిన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు సెవెర్. వేళ్ళు కదలడం లేదు.

"మరి సంతకం కూడా దానంతటదే పడుతుందా సార్?"