జీడి తిన్న బొటనవేలు

సూర్యుడు చావవలసిన రోజు తెల్లవారింది.

1999 ఆగస్టు, అమావాస్య. సాయంత్రం ఆరింటికి గ్రహణమని పంచాంగమూ రేడియో మొదటిసారి ఒకే మాట చెప్పాయి. అప్పుడు ఉదయం ఐదున్నర. కాశీబుగ్గ జీడి బట్టీల పొగ పైకి ఎక్కి, మబ్బులు కిందికి దిగి, రెండింటి మధ్య వెలుగు ఎక్కడో నలిగిపోయింది. మహేంద్రగిరి వైపు ఉరుము... ఉరిమి ఊరుకోలేదు, గొణుగుతూనే ఉంది. ఈపాటికి గూటికి పోవలసిన గుడ్లగూబ ఒకటి రైల్వే గేటు స్తంభం మీద కూర్చుని, మెడ తిప్పి తిప్పి రోడ్డునే చూస్తోంది.

ఆ రోడ్డున ఒక తెల్లని వ్యాను వచ్చి, మూసిన గేటు ముందు ఆగింది. దాని ఒంటి మీద ఎర్రటి అక్షరాలు: 'కొండ, కోన, సంగమం. ఒక్కరోజు విహారం.'

లోపల పద్నాలుగుమంది. ముందు సీట్లో మైకు పట్టుకుని తారకేశ్వరరావు. అతనికి ఏభై ఎనిమిదేళ్ళు. చూసినవాళ్ళు నలభై అంటారు. ప్రతి అమావాస్యకూ ఈ యాత్ర నడుపుతాడు. మందస మీదుగా మహేంద్రగిరి పాదం, అక్కడి జలపాతం, ఆ కొండలో పుట్టిన మహేంద్రతనయ ఒడ్డున భోజనం, చివరికి ఆ ఏరు సముద్రంలో కలిసే బారువ. కాగితం టికెట్టు ఇవ్వడు. తాటాకు ముక్క ఇచ్చి, రెండు కొసలా బొటనవేలి ముద్రలు వేయమంటాడు. పాతకాలపు పద్ధతి, సరదాగా ఉంటుందంటాడు. చదువుకున్నవాళ్ళు కూడా నవ్వుతూ వేలు సిరాలో ముంచుతారు. ఆకును మధ్యకు విరిచి సగం వాళ్ళకు జ్ఞాపకంగా ఇస్తాడు. సగం తాను ఉంచుకుంటాడు.

డ్రైవరు సీటు వెనక ఎర్ర ప్లస్ గుర్తు వేసిన మందుల పెట్టె ఉంది. అందులో మందులు లేవు. నల్లగుడ్డలో చుట్టిన కపాలం ఉంది.

యాత్రకు ఒక మనిషిని ఆ కపాలానికి పెడతాడు. ఆ మనిషి అక్కడే చావడు. కొండ చూసి, ఏరు చూసి, మురిసిపోతూ ఇల్లు చేరి, ఇరవై ఒక్క రోజులు తన మంచం మీదే ఎండిపోయి చస్తాడు. ఆ మిగిలిన ఆయుష్షు తారకేశ్వరరావు ఒంట్లోకి చేరుతుంది. ఇలాంటి పనికి ఇంతకంటే మంచి చోటు అతనికి దొరకలేదు. ఈ ఉద్దానం పల్లెల్లో పడుచువాళ్ళు కాళ్ళు ఉబ్బి, మూత్రం ఆగి, ఎందుకో తెలియకుండానే పోతుంటారు. ఇంకొకరు పోతే మన ఊరి జబ్బే అనుకుంటారు. చావుకు కారణం అడగడం మానేసిన నేల అది. దాన్ని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడ్డాడు.

గేటు ఇంకా తెరుచుకోలేదు. ఒక ఆడది చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చి వ్యాను తలుపు మీద రెండు చేతులతో బాదింది.

"ఏటమ్మా, సక్రం కింద పడతావేటి?" అన్నాడు డ్రైవరు బైరాగి.

ఆమె అప్పలమ్మ. నలభై ఐదేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా జీడిపిక్కలు కొట్టి పప్పు తీస్తోంది. ఆమె పెద్దకూతురు రూప శివరాత్రి వెళ్ళిన అమావాస్యకు ఇదే వ్యాను ఎక్కింది. ఇరవై రెండోనాడు ఆ పిల్లను కాల్చారు. ట్రంకుపెట్టెలో రూప దాచుకున్న తాటాకు ముక్క, ఆ పిల్ల పోయిన ఉదయానికి బొగ్గులా నల్లబడి ఉంది. అప్పలమ్మ దాన్ని అందరికీ చూపించింది. అందరూ జాలిపడ్డారు. ఎవరూ చూడలేదు. ఈ ఉదయం లేచేసరికి చిన్నకూతురు కుమారి పక్క ఖాళీగా ఉంది.

"ఏటే గుంటా, సెప్పకుండా ఎల్తన్నావు?"

కుమారి తల దించుకుంది. "సాయంత్రానికి వచ్చేత్తానమ్మా. నాకు ఊరికే టికెట్టు ఇచ్చినారు."

పిల్ల మొండికేసింది. దిగనంది. అందరి ముందూ పరువు తీయొద్దంది. తారకేశ్వరరావు మైకు దించి, తల్లిగారు కూడా రావచ్చు, చివరి సీటు ఖాళీగా ఉందన్నాడు. గేటు లేవడంతో వ్యాను కదిలింది. ఆకు మీద ముద్ర వేయించుకోవడం తొందరలో మరిచిపోయాడు. మరిచిపోయాడనడం కూడా సరి కాదు. ఆ చివరి సీటు మనిషి అతని లెక్కలోకే రాలేదు. అతనికి కావలసింది ఉచిత టికెట్టు ఇచ్చి రప్పించుకున్న పిల్ల. ఒకసారి తిన్న ఇంట్లో రెండోసారి తినడం కపాలానికి సులువు.

వ్యాను పచ్చని జీడితోటల మధ్య నుంచి పోతోంది. మైకులో తీయని గొంతు. ఇక్కడ పాండవులు నడిచారు, ఇక్కడ పరశురాముడు తపస్సు చేశాడు... నిజానికి తారకేశ్వరరావుకు ఆయుష్షు కూడా అసలు రుచి కాదు. తన వెనక మనుషులు నడుస్తున్నప్పుడే తాను ఉన్నానని అతనికి నమ్మకం కలుగుతుంది. ఒంటరిగా గదిలో ఉంటే అద్దం దగ్గరకు పదిసార్లు వెళతాడు. తాను వేలు చూపించిన వైపు పద్నాలుగు తలలు తిరిగినప్పుడు అతని కడుపులో వెచ్చగా ఉంటుంది.

నౌపడ నుంచి వచ్చిన రిటైర్డు మాస్టారు భాస్కరరావు పాత ఎక్స్‌రే ఫిలిం కత్తిరించి, గ్రహణం చూడటానికి అందరికీ ముక్కలు పంచాడు. అవి తన సొంత ఛాతీవట.

"గ్రహణంలో బయట తిరిగితే మొర్రిపిల్ల పుడతాదని మా ఆవిడ రాలేదు. ఆవిడకి అరవై రెండు" అన్నాడు.

వ్యాను అంతా నవ్వింది. కుమారి కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి అప్పలమ్మకు ఒళ్ళు మండింది. ఐదు నెలలుగా ఆ మంట ఆమెలోనే తిరుగుతోంది. దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియక తన మీద పెట్టుకుంది, పిల్లి మీద పెట్టింది, అన్నం మీద పెట్టింది, బతికి ఉన్నందుకు కుమారి మీద కూడా పెట్టింది. ఇవాళ ఎదురుగా ఒక మెడ కనిపిస్తోంది. శుభ్రంగా క్షవరం చేసిన, పౌడరు రాసిన, ముడత లేని మెడ. దాన్నే చూస్తూ కూర్చుంది. ఐదు నెలల్లో మొదటిసారి ఆమెకు ఊపిరి నిండుగా ఆడింది.

మిట్టమధ్యాహ్నం జలపాతం చేరారు. కొండ మీద నుంచి నీళ్ళు కాదు, చీకటి దూకుతున్నట్టుంది. పైన మబ్బు పగిలినట్టు ఉరిమింది. కాకులు ఒక్కసారిగా లేచి, అరవకుండా వెళ్ళిపోయాయి... మిగతావాళ్ళు నీళ్ళలో కేరింతలు కొడుతున్నారు. బండ పక్కన కుమారి నిలుచున్నది నిలుచున్నట్టే వెనక్కి విరుచుకుపడింది. కళ్ళు తెల్లబడ్డాయి. దవడ పక్కకు లాగేసింది. ఆ నోట్లోంచి వచ్చిన గొంతు కుమారిది కాదు.

"అమ్మా... నన్నెతకడం ఆపీ."

అప్పలమ్మ పరుగెత్తి పిల్ల తల పట్టుకుంది. అది రూప గొంతు. చిన్నప్పటి నుంచీ కాస్త బొంగురుగా ఉండే రూప గొంతు.

"నా ముద్దర ఆడికాడుంది. ఆడి కపాలంలో నానున్నాను, ఇంకా సానామందిమి ఉన్నాం. ఇప్పుడు సెల్లి ఆకు ఆడి జేబులో ఉంది. గ్రహణం పట్టినప్పుడు ఆకు రెండో కొసని ఆడి ఏలిముద్ర కూడా ఏత్తాడు. ఆకు మీద రెండు ముద్దర్లుండాల. ఒకటి ఇచ్చినోడిది, ఒకటి తిండిది. గీతలు తడిమి, ఇచ్చినోడిని ఒగ్గేసి, రెండోవోల్లని పట్టుకోమని మమ్మల్ని కట్టేసినాడు."

"పిల్లని తీసుకుని పారిపోతానే."

"నాను ఇంటికాడే సచ్చిపోనాను గదమ్మా."

గొంతు తెగిపోయింది. కుమారి లేచి కూర్చుని, ఏమయిందని అడిగింది. ఇంటికి పోదామని అప్పలమ్మ పిల్ల చెయ్యి పట్టి లాగింది. పిల్ల కాళ్ళు మాత్రం వ్యాను వైపే నడిచాయి. తన కాళ్ళు తన మాట వినడం లేదని తెలిసి కుమారి ఏడవసాగింది. దూరంగా మైకు పట్టుకున్న మనిషి ఇటు చూసి చిరునవ్వు నవ్వాడు.

ఏటి ఒడ్డున విస్తళ్ళు వేశారు. అప్పలమ్మ ముద్ద కలిపి తినకుండా చేతిలోనే పట్టుకుంది. ఆ చేతిని చూసుకుంది. జీడిపిక్క పెంకులోంచి నల్లని జీడి కారుతుంది. బూడిద పూసుకున్నా తోలును తినేస్తుంది. ముందు పొక్కుతుంది, తరవాత ఊడుతుంది, తరవాత నొప్పి కూడా ఉండదు. కిందటేడు మహిళా సంఘం కాగితాల మీద ఆమె వేలు ఆరుసార్లు నొక్కించి, గీతలు పడటం లేదని ఆఫీసరు కసిరాడు. పక్కనే పిక్కలు కొట్టే నయోమి బయటికొచ్చాక నవ్వింది. "మన్ని ఆ పైవోడు కూడా పోల్సలేడు వదినా. తీర్పునాడు గేటుకాడే ఆపేత్తాడు."

అప్పలమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది. మొత్తం విస్తరి ఖాళీ చేసింది.

బారువ చేరేసరికి ఐదు దాటింది. మబ్బు పడమర వైపు చీలి, సూర్యుడు ఒక పక్క కొరికినట్టు కనిపించాడు. తారకేశ్వరరావు అందర్నీ లైట్‌హౌస్ వైపు పంపాడు. అక్కడి నుంచి బాగా కనిపిస్తుందట. తాను మందుల పెట్టె పట్టుకుని ఏరు సముద్రంలో కలిసే ఇసుకతిప్ప వైపు నడిచాడు. వెనక కుమారి, కాళ్ళు ఈడ్చుకుంటూ, ఏడుస్తూ. ఆ వెనక అప్పలమ్మ.

వెలుగు సన్నబడింది. అది సాయంత్రపు చీకటి కాదు. రంగు లేని, వేడి లేని, శవం ముఖం మీది వెలుగు. కొబ్బరిచెట్ల కింద కుక్కలు ఏడుపు మొదలుపెట్టాయి. పగటి చీకటికి మోసపోయిన గుడ్లగూబలు సరుగుడు తోపులోంచి ఒక్కొక్కటే పలికాయి... ఏరు సముద్రంలోకి పోవడం మానేసి నిలబడింది.

నల్లగుడ్డ విప్పాడు. మంత్రం మొదలుపెట్టాడు. కపాలం కంటి గుంటల్లో ఎర్రటి తడి ఊరింది. పళ్ళు విడివడ్డాయి. కుమారి కెవ్వున అరిచి, ఇసుకలో పడి, గోళ్ళతో తన గొంతు తానే రక్కుకుంది. అతను జేబులోంచి ఆమె ఆకు తీశాడు.

అప్పలమ్మ పరుగెత్తలేదు. నడిచి వచ్చింది. అతని చేతిలోంచి ఆకు లాక్కుని, నోట్లో పెట్టుకుని, నమిలి మింగేసింది.

ఒక క్షణం అతనికి అర్థం కాలేదు. ఇన్నేళ్ళలో ఎవరూ అతనికి అడ్డురాలేదు. కపాలం పళ్ళు టకటక కొట్టుకున్నాయి. మేల్కొన్నది తిండి లేకుండా పడుకోదు. పైన సూర్యుడు గోరంత మిగిలాడు.

"ఏం చేశావే, నీచురాలా! దానికి ఇప్పుడెవరిని పెట్టను?"

"నన్నెట్టు" అంది అప్పలమ్మ. "పిల్లని ఒగ్గీ. నా ముద్దర తీసుకో."

తారకేశ్వరరావు నవ్వాడు. తల్లిప్రేమ అనేది అతనికి ఎప్పుడూ వింతగా, కాస్త అసహ్యంగా, చాలా ఉపయోగంగా కనిపిస్తుంది. ఖాళీ ఆకు తీసి ఒక కొసన తన బొటనవేలు నొక్కాడు. రెండో కొసన ఆమె మణికట్టు పట్టి, వేలు సిరాలో ముంచి నొక్కాడు. ఈ పలాస, కాశీబుగ్గల్లో ఇరవై ఏళ్ళున్నాడు. రోజూ పొద్దున్నే నేతిలో వేయించిన జీడిపప్పు గుప్పెడు తింటాడు. ఆ పప్పు తీసిన చెయ్యి ఎలా ఉంటుందో ఒక్కరోజూ చూడలేదు. ఇప్పుడు దాన్ని పట్టుకుని కూడా చూడలేదు.

ఆకు కపాలం పళ్ళ మధ్య పెట్టాడు.

సూర్యుడు ఆరిపోయాడు.

గాలి ఆగింది. కపాలంలోంచి పొగలాంటి వేళ్ళు బయటికొచ్చి ఆకును తడిమాయి. అప్పలమ్మ వేలు నొక్కిన కొస తడిమాయి. అక్కడ నల్లని మరక ఉంది, మనిషి లేదు. మళ్ళీ తడిమాయి. గీత లేదు, సుడి లేదు, శంఖం లేదు, చక్రం లేదు. రెండో కొసకు వెళ్ళాయి. అక్కడ నున్నని, శుభ్రమైన, స్పష్టమైన ముద్ర ఒక్కటే ఉంది. వదిలేయడానికైనా పట్టుకోవడానికైనా ఆకు మీద ఉన్న మనిషి ఒక్కడే...

"ఆడదాని ముద్ర వదిలిపెట్టావు, దాన్ని పట్టు!" అని అరిచాడు. తన గొంతు మైకు లేకుండా ఎంత చిన్నదో అప్పుడు విన్నాడు.

వేళ్ళు అతని వైపు తిరిగాయి. ఒకటి కాదు, రెండు కాదు. ఏళ్ళ తరబడి అతని వెనక నడిచి, అతను చూపించిన వైపల్లా చూసి, ఇంటికెళ్ళి చచ్చినవాళ్ళందరి వేళ్ళు. అతను వెనక్కి నడిచాడు. అవి అతని వెనకే నడిచాయి. ఏట్లోకి దిగాడు. ఏట్లోకి దిగాయి. నడుం లోతున అతను కుమారిని పిలిచాడు, అప్పలమ్మను అమ్మా అని పిలిచాడు, ఎవరినైనా సరే పిలిచాడు. ముఖం మీద ముడతలు గీత మీద గీత తిరిగొచ్చాయి. జుట్టు తెల్లబడి, రాలి, నీళ్ళ మీద తేలింది. చివరి కేక మధ్యలోనే తెగింది. ఏరు మళ్ళీ కదిలి, అతన్ని సముద్రానికి ఇచ్చేసింది. ఒడ్డున కపాలం రెండుగా పగిలింది.

వెలుగు వచ్చాక కుమారి తల్లి ఒళ్ళో కళ్ళు తెరిచింది. ఆ పిల్ల నోట రూప గొంతు మళ్ళీ రాలేదు. అప్పలమ్మ చీకటిపడే దాకా ఎదురుచూసింది.

రెండోనాడు శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఎనభై ఏళ్ళ ముసలివాడిలా ఉంది. చొక్కా చూసి బైరాగి గుర్తుపట్టాడు. చేతులు మాత్రం ఎవరికీ అర్థం కాలేదు. వేళ్ళ కొసలు నల్లబడి, తోలు ఊడిపోయి, ఒక్క గీత లేకుండా ఉన్నాయి. సముద్రంలో చేపలు కొరికాయని పోలీసులు రాసుకున్నారు. చూడటానికొచ్చిన కాశీబుగ్గ ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నయోమి తన చెయ్యి కొంగులో దాచుకుంది.

ఆఖరిసారి అతనితో ఉన్నది ఎవరని అడిగితే అప్పలమ్మ ముందుకు వచ్చింది. ఏట్లోకి తనే దిగాడని చెప్పింది. కానిస్టేబులు కాగితం మీద రాసి, సిరా డబ్బా జరిపి, వేలిముద్ర వేయమన్నాడు. వేసింది. చూసి విసుక్కున్నాడు. మళ్ళీ వేయమన్నాడు. మళ్ళీ అదే, నల్లని చుక్క.

"ఏంటమ్మా ఇది? గీతలేవి?"

"పప్పు తినీవోలందరూ అదే అడుగుతారు బావూ" అంది అప్పలమ్మ. "అదే నా ముద్దర. రాసుకో."