అన్న జవాబివ్వడం లేదు

మిట్టమధ్యాహ్నం. ప్రెస్సులో అందరూ భోజనానికి వెళ్లారు. ఇంకు వాసన, తడి కాగితం వాసన మిగిలాయి. తమ్ముడొక్కడే ఆ పాత లైనక్స్ కంప్యూటర్ ముందు కూర్చుని దాన్ని తిట్టిపోస్తున్నాడు. పొద్దున్నుంచీ అది నత్తనడకే. నెట్‌తో పనిలేని ఫైలు తెరవడానికి కూడా పావుగంట.

ప్రాసెసర్ మాత్రం ఖాళీగానే ఉంది. అది పనేమీ చేయడం లేదు, ఊరికే ఎదురుచూస్తోంది.

అంతా అన్న పెట్టిన మెలిక. ఇంట్లో తన కంప్యూటర్లోని ఫోల్డర్‌ని నెట్ ద్వారా దీనికి కలిపాడు. ఆ మిషన్ పేరు అన్న, దీని పేరు తమ్ముడు. ఏ పని మొదలైనా ఇది ముందు ఆ ఫోల్డర్‌ని పలకరించాలి. "జవాబు రాకపోతే వదిలెయ్యమని పెట్టొచ్చుగా" అని తమ్ముడు అప్పుడే అడిగాడు. "మధ్యలో వదిలేస్తే రాసింది పాడవుతుందిరా. ఎంతసేపైనా ఆగాల్సిందే" అన్నాడు అన్న.

తర్వాత ప్రెస్సు బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలని గొడవ. మాటలు ఆగిపోయాయి. చనిపోయిన రోజు ఆస్పత్రి నుంచి అన్న పదిహేడు సార్లు ఫోన్ చేశాడు. తమ్ముడు పంతం కొద్దీ ఎత్తలేదు. చెప్పాలనుకున్నది ఆ ఫోల్డర్‌లో రాసి పెట్టారని వదిన చెప్పింది. నెల్లాళ్లుగా దాన్నీ తెరవలేదు. ఇవాళ మనసొప్పి తెరవబోతే ఇదీ వరస.

వదినకు ఫోన్ చేశాడు. "వదినా, అన్నయ్య మిషన్ ఆన్‌లోనే ఉందా?"

"నువ్వు తెరుస్తావేమోనని నెల్లాళ్లు చూశానయ్యా. పొద్దున్నే పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. నా ముందే ముక్కలు చేసి సంచిలో వేసుకుపోయాడు."

ఫోన్ పెట్టేశాడు. తెర మీద పొద్దున్నుంచీ అదే వాక్యం. 'అన్న జవాబివ్వడం లేదు. ఇంకా ప్రయత్నిస్తున్నాను...'

ఇంకెక్కడి అన్న? కసిగా వంగి నెట్ కేబుల్ ఊడబీకాడు.

గది ఒక్కసారిగా చల్లబడింది. ఇంకు వాసన పోయింది. ఆస్పత్రి మందుల వాసన...

కంప్యూటర్ చురుగ్గా కదిలింది.

'అన్న జవాబిచ్చాడు.'

ఫోల్డర్ తెరుచుకుంది. లోపల ఒకే ఫైలు. తేదీ ఇవాళ్టిది. సమయం... ఇప్పటిదే. తెరిచాడు.

'తమ్ముడు జవాబివ్వడం లేదు. ఇంకా ప్రయత్నిస్తున్నాను.'

అదే వాక్యం, పదిహేడు సార్లు.

"అన్నయ్యా..." గుసగుసగా అన్నాడు. "ఉన్నాను. తప్పు నాదే... చెప్పు."

కేబుల్ ఇంకా అతని చేతిలోనే ఉంది. అది ఊడిన చోట పచ్చ దీపం టపటపా కొట్టుకుంటోంది. తెర మీద పద్దెనిమిదో వాక్యం, ఒక్కో అక్షరమే పడుతోంది.

'తమ్ముడు జవాబివ్వడం...'