ఆ నల్ల సంచి ఎవరిది?

టీవీలో ఎర్ర అక్షరాలు పరుగెత్తుతున్నాయి... దుబాయి నుంచి హైదరాబాద్ వస్తున్న విమానంలో పొగ! దట్టమైన మంచులో దిగిన విమానం, నూటడెబ్బై మందీ క్షేమం! క్షేమం అన్నారు సరే, కోరుట్లలో తన ఇంట్లో కూర్చున్న రత్నమాల గుండె నిలవద్దూ? ఆ విమానంలో ఆమెకు ఒకరు కాదు, ఇద్దరున్నారు. పదకొండేళ్ల దుబాయి కొలువు వదిలి వస్తున్న భర్త కరుణాకర్ ఒకరు. అదే విమానంలో ప్రయాణికుల మంచిచెడ్డలు చూసే ఉద్యోగంలో ఉన్న కూతురు రచన ఇంకొకరు. ఆమె కొండగట్టు అంజన్నకు మొక్కుతుండగానే కూతురి ఫోన్ వచ్చింది. "ఇద్దరం మంచిగున్నం అమ్మా. ఒక్క కారులనే వస్తున్నం" అని పెట్టేసింది.

ఒక్క కారులోనా! రత్నమాలకు భయం తగ్గి ఆశ్చర్యం మొదలైంది. ఆ తండ్రీకూతుళ్లకు మాటల్లేక రెండేళ్లు. "మందికి చాయలు, నీళ్లు అందించే కొలువు మన ఇంటి ఆడపిల్లకెందుకు? అది మానేసేదాక నాతోని మాట్లాడద్దు" అని ఒట్టు పెట్టుకున్న మనిషి కరుణాకర్. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు! ఆయన పంతం ఆయనది, పిల్ల పట్టుదల పిల్లది. నడుమ అడకత్తెరలో పోకచెక్కలా నలిగింది రత్నమాల... ఎవరూ చూడకుండా ఎన్నిసార్లు ఏడ్చిందో, తల్లులైన మీకు నేను చెప్పాలా? ఇప్పుడు ఒకే కారు అంటే మాట కలిసినట్టా, పూర్తిగా తెగినట్టా?

సాయంత్రం కారు వచ్చింది. కరుణాకర్ బట్టలనిండా పొగ వాసన. రచన గొంతు బొంగురుపోయింది. ఇద్దరూ ముందు గదిలో చెరో మూల కూర్చున్నారు. నీళ్లిచ్చి, కాసేపు ఓపిక పట్టి, ఇక ఉండబట్టలేక అడిగింది తల్లి.

"ఏమైంది బిడ్డా? మొదటికెల్లి చెప్పు."

"హైదరాబాద్ మీదికొచ్చినం. కింద మస్తు మంచు, రన్‌వే కనిపిస్తలేదు, ఆగుండ్రి అన్నరు. పైన్నే చక్కర్లు కొడుతున్నం. గప్పుడే సీట్ల మీద సామాను పెట్టే అరలకెల్లి పొగ అచ్చింది."

"కిటికీలు తెరువరాదా మరి?"

ఆ మాటకు రచన చిన్నగా నవ్వింది. "ఆడ కిటికీలు తెరుచుకోవమ్మా. ఒకరు పైలట్ సారుకు చెప్తరు. ఒకరు మందిని దూరం జరిపి, తల కిందికి వంచుమని, ముక్కుకు తడి గుడ్డ పెట్టుకొమ్మని చెప్తరు. నేను పొగ ముసుగు ఏసుకొని, అర మూత జరంత తీసి మంటలార్పే సిలిండర్ కొట్టిన. లోపల నల్ల సంచి. మంట ఆరినట్టే ఆరి మళ్ల లేచింది."

"మళ్లెందుకు లేచింది?"

"బ్యాటరీ అయితే లోలోపల కాలుతనే ఉంటది. నీళ్లు గుమ్మరించి చల్లార్చాలె. అందుకే సంచి ఎవరిది, లోపలేమున్నదని మూడుసార్లు అడిగిన."

"ఎవలు చెప్పిండ్రు?"

రచన కళ్లు దించుకుంది. "ఎవరో ఒకరు... చెప్పిండ్రు తియ్యి."

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకుందేమో పిల్ల! కానీ మూలనుంచి కరుణాకర్ గొంతు వినిపించింది.

"ఆ సంచి నాది."

ఆయన తల ఎత్తకుండానే చెప్పాడు. "దుబాయిల నాతోని పనిచేసే నరేశ్, సిరిసిల్లల వాళ్ల నాయిన రాజమల్లుకు ఇయ్యుమని పార్సెల్ ఇచ్చిండు. టేపు చుట్టి ఉన్నది. కంబలిల పెట్టి సంచిల కుక్కిన. బట్ట నేసే సాంచెల కాడ కరెంటు పోతే పనికొస్తదని చార్జింగ్ లైటు పంపిండట. ఫోన్ చేస్తే ఇప్పుడు చెప్పిండు."

దుబాయి నుంచి ఎవరు వచ్చినా పదిమంది పార్సెళ్లు మోసుకురావడం మనవాళ్ల అలవాటే కదా! ఏముందని అడిగితే అనుమానించినట్టు, విప్పి చూస్తే మర్యాద తప్పినట్టు. అందుకే ఆయన అడగలేదు.

"మరి బిడ్డ అడిగితే చెప్పకపోతివా?" అంది రత్నమాల.

"ముసుగుల ఉన్నా బిడ్డ గొంతు గుర్తుపట్టిన. ఎక్కేటప్పుడు నమస్తే పెడితే మొఖం తిప్పుకుంటి. గిప్పుడు ఏ మొఖంతోని నోరు తెరువాలె? మొదటిసారి అడిగింది, తల వంచుకున్న. రెండోసారి గూడ గంతే. పక్కసీట్ల చంటిపిల్ల దగ్గి దగ్గి నీలబడ్డది. మూడోసారికి అన్న... నాదే బిడ్డా, లోపలేమున్నదో నాకెరుక లేదని."

"ఏమున్నదో ఎరుక లేదంటే బ్యాటరీ ఉన్నదనే అనుకోవాలె" అంది రచన మెల్లగా. "ఉన్న నీళ్ల సీసాలన్నీ గుమ్మరించినం. మంచు జర పలుచబడంగనే పైలట్ సారు మిగతా విమానాలకన్న ముందు మాదాన్ని దింపిండు."

ఇరవై ఆరేళ్ల కాపురంలో భర్త ముందు గొంతు పెంచని రత్నమాల లేచి నిలబడింది. "నూటడెబ్బై మంది పానాలు గాలిల తిరుగుతుంటే నీకు పంతం యాదికొచ్చిందా? అండ్ల నీ బిడ్డ గూడ ఉండెగదా అయ్యా!"

"అవు. పంతమే యాదికొచ్చింది" అన్నాడాయన.

తల్లి కూతురివైపు తిరిగి భయంభయంగా అడిగింది. "ఇదంత పైవాళ్లకు రాసియ్యాలెనా బిడ్డా?"

"రాసిచ్చిన." రచన కళ్లలోంచి నీళ్లు జారాయి. "రెండుసార్లు అడిగితే చెప్పలేదని రాసిన. ఆ మనిషి మా బాపు అని గూడ రాసిన. బాపును పిలిచి అడుగుతరు, కేసు గూడ కావచ్చు. దాచిపెడితే రేపు ఇంకొకరు గిట్లనే మూతి మూసుకుంటరమ్మా..."

తండ్రి మీద కూతురే రాసిచ్చిందా! అతికీ అతకని బంధం ఇక ఈ జన్మలో అతుకుతుందా? రత్నమాల భర్త ముఖంలోకి చూడలేక గోడవైపు తిరిగింది.

కరుణాకర్ లేచి వచ్చి కూతురి ముందు నేలమీద కూర్చున్నాడు.

"మంచిగ రాసినవ్. నీ కొలువు ఏందో నాకు ఇయ్యాల తెలిసింది. పిలువనియ్యి, పోతా. నువ్వెవరయ్యా అని అడిగితే, నేను రచన వాళ్ల బాపును అని చెప్తా."

రత్నమాల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ పేరు ఆయన నోట రెండేళ్లకు వినపడింది.