కోసిన పట్టీ

పొద్దు గుంకాక కురోతాని వాగు మలుపులో ఎవరూ ఆగరు. బండి మీద పోయేవాడు వేగం పెంచుతాడు. నడిచి పోయేవాడు చేతిలో లైటున్నా కుడిపక్క కొండనే చూస్తూ పోతాడు, ఎడంపక్కకి తల తిప్పడు.

ఎడంపక్కన కుమె ఇల్లు.

మూడేళ్లుగా ఖాళీ. తలుపుకి తాళం కూడా లేదు. అయినా దొంగ కూడా అందులోకి పోడు.

రాత్రిళ్లు ఆ ఇంట్లోంచి ఒక చప్పుడొస్తుంది. పెద్దదేం కాదు — కిర్ర్... అని. తడిపిన పట్టీని బలమంతా పెట్టి లాగితే వచ్చే చప్పుడు. కాస్త ఆగి, మళ్లీ — కిర్ర్...

అదేం చప్పుడో ఆ ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. కుమె బతికున్నన్నాళ్లూ పగలంతా విన్నదే కదా. కత్తి పిడులకి పట్టీ చుట్టే మనిషి ఆవిడ. పిడి మీద గరుకుగా ఉండే టేకు చేప తోలు వేసి, దాని మీద పట్టీని మెలేసి, తిప్పి, ప్రతి మెలిక కింద గోరంత కాగితం మడత దోపి లాగేది. పిడి పొడుగునా డైమండ్ ఆకారాలు వరసగా తేలేవి. ఒకసారి మొదలుపెడితే మధ్యలో లేవకూడదు, లేస్తే మొత్తం వదులైపోద్ది. చివర్న ముడేశాక దాని మీద చెక్క సుత్తితో రెండు దెబ్బలు. టక్. టక్. అవి వినబడితే "కుమెకి ఇంకో పిడి అయిపోయింది" అనుకునేవాళ్లు.

ఇప్పుడొచ్చేది కిర్ర్ ఒక్కటే. టక్ టక్ ఎవరూ వినలేదు.

మూడేళ్లుగా ఆ పిడి ఏదో పూర్తవట్లేదు.

ఆ దారిన రోజూ రాత్రిపూట నడిచే మనిషి ఒక్కడే — కమ్మరి యసుకె. అరవై ఆరేళ్లు. పెళ్లాం లేదు, పిల్లల్లేరు. కొలిమి మలుపుకి పైన, ఇల్లు కింద. కాల్చిన కత్తిని చీకట్లోనే నీళ్లలో ముంచాలి, వెలుతుర్లో ఇనుము రంగు మోసం చేస్తుంది. అందుకని ఎప్పుడూ ఆలస్యమే.

"నీకు భయం లేదా?" అనడిగేవాళ్లు.

భయం ఉంది. కానీ రోజు మొత్తంలో ఇంకో మనిషి దగ్గర్లో ఉన్నట్టు అనిపించే చోటు ఆయనకి అదొక్కటే. పైగా... ఆ పిడి ఎందుకు పూర్తవట్లేదో ఆయనకి తెలుసు.

ముప్పై ఏళ్లు కుమెదీ ఆయనదీ ఒకటే పద్ధతి. ఇంటికెళ్తూ బోడి పిడి ఉన్న కత్తిని ఒక చెక్కపెట్టెలో పెట్టి ఆవిడ వసారా మీద వదిలేవాడు. రెండ్రోజులకి అదే పెట్టెలో చుట్టిన పిడి. మాటలు తక్కువ. చలికాలం వస్తే కత్తి పక్కన రెండు ఎండబెట్టిన పెర్సిమన్ పండ్లు కూడా ఉండేవి.

మూడేళ్ల కిందట ఒక పిడి వదులుగా వచ్చింది.

అలా వస్తే చుట్టిన మనిషికే పంపించి విప్పిస్తారు. కొయ్యరు. పట్టీ కోశారంటే "ఇంక నా కత్తి ముట్టుకోకు" అని మొహం మీద చెప్పినట్టే, ఆ ఊళ్లో. యసుకె ఆ రోజు ఏ చిరాకులో ఉన్నాడో... కోసేశాడు. ముక్కలన్నీ పెట్టెలో పోసి వసారా మీద పెట్టొచ్చాడు.

పన్నెండో రోజున కుమె చచ్చిపోయింది.

అప్పట్నించీ ఆయనే చుట్టుకుంటున్నాడు. ఒక్క పిడీ నిలవలేదు. కొనేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. చివరికి మిగిలింది హాచిరో — అడవిపందుల వేటగాడు, యాభై ఏళ్లవాడు, ఊరంతా వినబడే గొంతు.

ఒక రోజు మధ్యాహ్నం వాడొచ్చి కత్తిని బల్ల మీద పడేశాడు.

"ఏం బాబాయ్, ఇది కత్తా, చేపా? చేతిలో జారిపోద్దేంటి?"

"వానలో వాడావేమోరా."

"పంది మీదకొస్తుంటే వాన తగ్గేదాకా ఆగమ్మా అని చెప్పనా?" తొడకున్న కట్టు చూపించాడు. "ఇంకో అంగుళం పైకైతే నా పెళ్లామొచ్చి నిన్నడిగేది."

"మళ్లీ చుట్టిస్తా."

"ఎవరి చేత? దెయ్యం చేతా?" పకపకా నవ్వాడు. నవ్వి, ఎందుకో సగంలో ఆపేశాడు. "రేపొస్తా. ఇదీ జారిందా, టౌన్లో ఫ్యాక్టరీ కత్తి కొనుక్కుంటా. నువ్వు కొలిమి ఆర్పేసుకో."

కొలిమి ఆరితే ఇంక పొద్దున్నే లేవడానికి ఆయనకి పనేముంది?

ఆ రాత్రి మూడుసార్లు చుట్టాడు. మూడుసార్లూ జారింది. చివరికి కత్తీ, పట్టీ, కాగితాలూ ఆ పాత చెక్కపెట్టెలోనే పెట్టుకుని కిందికి బయల్దేరాడు.

మలుపు దగ్గరికి రాగానే — కిర్ర్...

రోజూ వినేదే. కానీ ఇవాళ తలుపు సందులోంచి సన్నగా పసుపు వెలుతురు.

ఇదివరకెప్పుడూ వెలుతురు లేదు.

వసారా ఎక్కాడు. తలుపు మీద చెయ్యేశాడు.

"కుమెక్కా..." అన్నాడు గుసగుసగా.

లైటు ఆరిపోయింది. లోపల ఏదో దబ్బున పడింది. చీకట్లోంచి ఒక కేక —

"అమ్మో! నన్నేం చెయ్యకు తల్లో!"

ఊరంతా వినబడే గొంతు.

"హాచిరో?"

"బా... బాబాయ్? నువ్వా! చచ్చాననుకున్నా కదయ్యా!"

లైటు వెలిగింది. చాప మీద హాచిరో, చేతిలో ఒక కర్ర. దానికి సగం దాకా పట్టీ చుట్టి ఉంది.

"ఇక్కడేం చేస్తున్నావురా?"

వాడు కర్రని చాప మీద పెట్టాడు.

"చివరి ఏడాది కుమెకి వేళ్లు వంగేవి కాదు బాబాయ్. నేను లాగేవాణ్ణి. ఆవిడ పక్కన కూర్చుని కాగితాలు దోపేది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది." గొంతు బాగా తగ్గించాడు. "నువ్వు కోసిన పట్టీ... అది లాగింది నేను. ఆ రోజు తాగొచ్చాను."

యసుకె పెట్టె కింద పెట్టాడు.

"ఆవిడ చెప్పలేదే."

"ఎందుకు చెప్తది? ముక్కలన్నీ ఒళ్లో పోసుకుని కూర్చుంది. పక్కనే ఉండి నేనూ నోరు విప్పలేదు. మధ్యాహ్నం నీ మీద ఎగిరి ఇంటికెళ్తే ముద్ద దిగలేదు బాబాయ్. చెయ్యి ఇంకా పనికొస్తుందో లేదో చూసుకుందామని వచ్చా."

యసుకె పెట్టె మూత తీశాడు.

"అయితే లాగు."

"కాగితాలెవరు దోపుతారు?"

"నేను."

ఒకడు దోపుతుంటే ఒకడు లాగాడు. కిర్ర్... కిర్ర్... ముడేశాక చెక్క సుత్తి కోసం చూశారు. గోడకి దాని మేకు ఉంది, సుత్తి లేదు. హాచిరో పిడికిలితోనే ముడి అదిమి, కత్తి పట్టుకుని దూలాన్ని ఒక్క పోటు పొడిచాడు.

పిడి వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"ఇదీ కత్తంటే!" అన్నాడు.

కత్తి పెట్టెలో పెట్టుకుని, లైటు పట్టుకుని బయటికొచ్చారు. యసుకెకి గుండెల మీంచి బరువు దిగినట్టుంది. నవ్వొచ్చింది.

"దొంగవెధవా! మూడేళ్లు ఊరందరికీ నిద్ర లేకుండా చేశావు కదరా."

"మూడేళ్లేంటి?"

"రోజూ రాత్రి నువ్వు లాగడం నేను వినట్లేదా?"

హాచిరో ఆగిపోయాడు.

"బాబాయ్... ఆవిడ పోయాక ఈ గడప తొక్కడం నాకు ఇవాళే."

వెనక, చీకటి ఇంట్లోంచి —

కిర్ర్...

హాచిరో లైటు అక్కడే పడేశాడు. తొడకి కట్టుందన్న సంగతి కూడా మర్చిపోయి పరిగెత్తాడు. ఇక్కడిదాకా ఊరందరికీ చెప్పింది వాడే.

మిగతాది యసుకె ఒక్కసారి, ఒక్కరికే చెప్పాడు.

ఆయన పరిగెత్తలేదు. తిరిగి వసారా ముందుకెళ్లి, పెట్టె గుండెలకి పట్టుకుని వంగి నిలబడ్డాడు.

"కుమెక్కా. అది నీ చెయ్యి కాదని ఇప్పుడే తెలిసింది. నీ చెయ్యే అయినా... నేను విప్పించాల్సింది. కోశాను. తప్పైపోయింది."

చప్పుడు ఆగింది.

వాగు పారుతోంది. ఆయన తల ఎత్తలేదు.

టక్.

టక్.

మర్నాడు హాచిరో పట్టపగలే వచ్చి కత్తి పట్టుకెళ్లాడు. పోతూ పోతూ ఇంకోటి చెయ్యమన్నాడు. కొలిమి ఆరలేదు.

ఆ రాత్రి యసుకె పని ముగించుకుని మలుపు దగ్గరికొచ్చి ఆగాడు. చాలాసేపు నిలబడ్డాడు. వాగు తప్ప ఏమీ వినబడలేదు. మర్నాడూ అంతే. ఆ తర్వాత ఇంకెప్పుడూ.

ఇప్పుడు ఆ దారిన అందరూ నడుస్తున్నారు, ఏ వేళైనా. యసుకె ఒక్కడే అక్కడికి రాగానే ఆగి, వసారా వైపు చెవి పెట్టి, కాసేపు చూసి... ఇంటికి పోతాడు.