ఖాళీ కొస

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు విసుగెత్తి "మొండిది" అంది. మొగుడు ముద్దుగా "మొండీ" అన్నాడు. ఆ మాట గోడ దాటి వీధిలో పడి, పిల్లలకీ పెద్దలకీ "మొండక్క" అయి కూర్చుంది. మొగుడు పోయాక ఆయన నడిపిన ఫోన్లు బాగుచేసే కొట్టు ఇక మూతపడ్డట్టేనని అందరూ అనుకున్నారు. అలా అనుకున్నవాళ్ళ ఫోన్లే ఇప్పుడు ఆవిడ బల్ల మీద విప్పదీసి ఉంటాయి.

కొట్టంటే వేరే ఏమీ కాదు, ఇంటి ముందుగదే. వీధివైపు ఇనుప షట్టరు, లోపలివైపు వంటింటి తలుపు, మధ్యలో పొడుగాటి బల్ల. బల్లకి ఈ పక్క మొండక్క, ఆ పక్క పడక్కుర్చీలో అత్తగారు. ముసలావిడకి చూపు సగం, వినికిడి పావు, నోరు మాత్రం నిండుగా ఉంది. చెవుల్లో పెట్టుకునే మెషిన్లు రెండింటినీ ఒక చిన్న డబ్బాలో పెట్టి ఛార్జింగు చేసుకోవాలి. "చివరికి నన్ను కూడా ఫోనుని చేసి వదిలారు" అని సణుగుతూనే, ఆ పని మాత్రం ఎవరికీ అప్పగించేది కాదు.

వాన ముసురుపట్టిన ఒక మధ్యాహ్నం, పాత సామాన్ల బండతను వచ్చి గుమ్మంలో ఒక గోనెసంచి దించాడు. నిండా పాత ఛార్జర్లు, కేబుళ్ళు. ఎక్కడో ఖాళీ చేసిన లాడ్జి గదిలో దొరికాయట. తుప్పు మేకుకి కూడా అరగంట బేరమాడే మనిషి, ఆ రోజు తనకేమీ వద్దన్నాడు. ఆ సంచి బండెక్కినప్పటినుంచీ చేతులు చల్లబడిపోతున్నాయనీ, టీ గ్లాసు పట్టుకున్నా వెచ్చబడటం లేదనీ చెప్పాడు. వానలో తిరిగితే చేతులు చల్లబడక కాలిపోతాయా అని మొండక్క నవ్వింది. అతను నవ్వలేదు. సంచివైపు తిరిగి చూడకుండా బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

మొండక్క బల్ల సర్దుకుని మీటరు తీసింది. బొటనవేలంత ఉంటుంది. దాన్ని ఛార్జరుకి తగిలించి, దానికి కేబులు తగిలిస్తే, అందులోంచి ఎంత కరెంటు పోతోందో బుల్లితెర మీద అంకె చూపిస్తుంది, ఎటు పోతోందో బాణం గుర్తు చూపిస్తుంది. అవతలి కొసకి ఫోను పెడితే అంకె లేవాలి, తీస్తే సున్నాకి పడాలి. పైకి నిగనిగలాడుతూ లోపల వెంట్రుకంత తీగ పెట్టుకున్న కేబుళ్ళని అది ఇట్టే బయటపెట్టేస్తుంది. అట్ట మీద రాతల్ని కాదు, మీటరుని నమ్మమని మొగుడు నేర్పాడు. ఆవిడకి ఆ మాట బాగా నచ్చింది. మనుషులకి కూడా అలాంటిదొకటి ఉంటే ఎంత బాగుండునో అనుకునేది.

పనికొచ్చేవి కుడివైపు పెడుతూ, రానివి కింద డబ్బాలో పడేస్తూ, సంచి సగానికి తెచ్చింది. అప్పుడు నల్లటి కేబులొకటి చేతికి తగిలింది. మిగతావాటికంటే లావు. ప్లాస్టిక్కులా లేదు, తడిసిన తోలులా మెత్తగా ఉంది. దాన్నుంచి ఒక వాసన... ఎన్నాళ్ళో తలుపులు తియ్యని గదిలో పరుపుకి పట్టే వాసన. ముక్కు చిట్లించుకుని మీటరుకి తగిలించింది. రెండో కొస బల్ల అంచు మీంచి ఖాళీగా వేలాడుతోంది. ఫోను కోసం చెయ్యి చాచింది, ఇంకా పెట్టలేదు.

అంకె లేచింది.

లోపల తీగలు ఒకదానికొకటి అంటుకున్నాయేమో అనుకుంది. అలా అయితే కేబులు వేడెక్కాలి. ఇది చల్లగా ఉంది. ఛార్జరు మార్చింది. కొస శుభ్రంగా తుడిచింది. భూతద్దం పెట్టి చూసింది. ఎక్కడా లోపం లేదు. దాని పక్కనే ఇంకో కేబులు పెట్టి చూస్తే ఒద్దికగా సున్నా చూపించింది. మళ్ళీ నల్లది పెట్టింది. అంకె ఉన్నట్టుండి లేచి, కాస్త తగ్గి, మళ్ళీ లేచింది. ఒక పద్ధతిలో. గుటకలు వేస్తున్నట్టు.

ఇదేం రోగమో తర్వాత చూద్దామని, దాన్ని అలాగే వదిలి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఆవిడ చేసిన పొరపాటు అదొక్కటే. పాలు పొంగేలోగా, ముసలావిడ బల్ల అంచు తడుముకుని, చేతికి దొరికిన కొసని తన మెషిన్ల డబ్బాకి గుచ్చేసింది.

మొండక్క గ్లాసులతో తిరిగొచ్చి చూసి, కసురుకుని, కొస పీకేసి పక్కన పడేసింది. అప్పటికే మెషిన్లు అత్తగారి చెవుల్లోకి చేరిపోయాయి. ఆవిడ టీ అందుకోబోతూ ఆగింది.

"ఏమే, ఇంకొంచెం ఏమిటి?" అంది.

మొండక్క నోరు కూడా విప్పలేదు. తనేమీ అనలేదని చెప్పింది. ముసలావిడ తల ఒక పక్కకి వంచి, ఏదో వింటున్నట్టు ఉండిపోయింది. టీ మీద మీగడ కట్టింది. బయట వాన పెద్దదైంది. మబ్బుకి ముందుగది సాయంత్రంలా మసకబారింది. ట్యూబులైటు ఒకసారి రెప్పవేసింది... ఇంకోసారి వేసింది... ఆరిపోయింది. పక్క కొట్లలోనూ, వీధిలోనూ కరెంటు పోయిందని అరుపులు వినిపించాయి.

చీకట్లో ఒకటే వెలుగు. మీటరు తెర.

ఛార్జరులో మిగిలిన కాస్త కరెంటు అయ్యుంటుంది, ఒక్క క్షణంలో ఆరిపోతుందిలే అనుకుంది మొండక్క. ఆరలేదు. ఛార్జరుని పూర్తిగా ఊడబీకింది. మీటరు ఇప్పుడు ఆ కేబులుకి తప్ప దేనికీ తగిలి లేదు. అయినా వెలుగుతోంది. అంకె పెరుగుతోంది. బాణం మాత్రం తిరగబడింది. కరెంటు అవతలి కొస నుంచి ఇటు వస్తోంది.

అవతల ఏముందని?

ఆవిడ కేబులు మీద వేళ్ళు ఆనించి, తడుముకుంటూ పోయింది. బల్ల అంచు దాకా. అక్కణ్ణుంచి కిందికి. మళ్ళీ పైకి... పడక్కుర్చీ చేతి మీదికి...

కొస అత్తగారి పిడికిట్లో ఉంది.

మొండక్క ఆ చెయ్యి ముట్టుకుంది. బావి గట్టు రాయిలా చల్లగా ఉంది. వేళ్ళు విడదీయబోయింది. విడలేదు. ముసలావిడే గట్టిగా పట్టుకుని ఉంది, ఇష్టపడి పట్టుకుని ఉంది.

"వదలనే," అంది అత్తగారు, గాలిలాంటి గొంతుతో. "వాడు... ఆకలంటున్నాడు."

"ఎవరు?"

"మనవాడే. నా చెవిలోనే ఉన్నాడు. ఇంకొంచెం పెట్టమ్మా అంటున్నాడు."

ఆ "మనవాడు", మొండక్క మొగుడు, పోయి రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో అత్తా కోడళ్ళిద్దరూ ఒకరి ముందు ఒకరు ఒక్కసారి కూడా ఏడవలేదు. నువ్వు ఏడిస్తే నేను ఏడుస్తాననే భయంతో ఒకరినొకరు తిట్టుకుంటూ నెట్టుకొచ్చారు. ఇప్పుడు ముసలావిడ బుగ్గలు తడిగా మెరుస్తున్నాయి, పెదవులు నీలమవుతున్నాయి.

ఏడవడానికి సమయం కాదు. ఆకలే అయితే పెడదాం అనుకుంది మొండక్క. అరలోంచి పెద్ద పవర్‌బ్యాంకు తీసి మీటరుకి గుచ్చింది. బాణం వెంటనే తిరిగింది. అత్తగారి చేతిలో రవ్వంత వెచ్చదనం వచ్చింది. పవర్‌బ్యాంకు లైట్లు ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోయాయి. ఇంకొకటి పెట్టింది. అదీ అంతే. మూడోదీ అంతే. రోజంతా నాలుగు ఫోన్లని మోసే సరుకుని, ఆ కేబులు కొవ్వొత్తిని ఊదేసినట్టు ఊదేసింది. బాణం మళ్ళీ తిరగబడింది. అత్తగారి తల భుజం మీదికి వాలింది.

దానికి కడుపంటూ ఉంటే నిండేది. దానికి నోరొక్కటే ఉంది.

మొండక్క వంగి, అత్తగారి ఎడమ చెవిలోంచి మెషిను తీసి తన చెవిలో పెట్టుకుంది.

మొదట వాన చప్పుడు. దాని కింద, సన్నగా... ఎవరో గుటకలు వేస్తున్న చప్పుడు. తర్వాత చెవికి అంత దగ్గరగా, వెచ్చటి శ్వాస తగులుతుందేమో అన్నంత దగ్గరగా...

"మొండీ... ఇంకొంచెం."

ఆయన గొంతే. ఆ సాగదీత, చివర్లో ఆ చిన్న నవ్వు. ఆవిడ కళ్ళు మూతపడ్డాయి. గదిలో సోల్డరు పొగ వాసన, తడిసిన చొక్కా వాసన. రెండేళ్ళుగా దిండుకి ముఖం ఆనించి ఆ వాసన కోసమే వెతుక్కుంది. తన చెయ్యి తనకి తెలియకుండానే ఆ కేబులు వైపు పోతోంది. వేళ్ళ కొసలు చల్లబడుతున్నాయి. హాయిగా ఉంది. నిద్రొస్తున్నట్టుగా ఉంది...

ఇంకొంచెం.

ఆ మాట దగ్గర ఆవిడ ఆగింది. ఆయన జన్మలో రెండోసారి అడిగి పెట్టించుకున్న మనిషి కాదు. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, పెట్టేవాళ్ళతో పోట్లాడే మనిషి. తనదాంట్లోంచి తీసి తల్లి కంచంలో వేసే మనిషి.

అలాంటివాడు తల్లిని తాగుతాడా?

ఆవిడ కళ్ళు తెరిచింది. అనుమానం వచ్చిన సరుకుని ఏం చెయ్యాలో ఆవిడకి తెలుసు.

"మనిద్దరమే ఉన్నప్పుడు నన్నేమని పిలిచేవాడివి?" అంది మెల్లగా.

గుటకలు ఆగాయి.

"మొండీ..."

"అది ఇల్లంతా పిలిచే పేరు. వీధంతా పిలిచే పేరు. నువ్వు మా అత్త దగ్గర తాగింది అంతవరకే. ఆవిడకి తెలియంది చెప్పు."

జవాబుకి బదులు అంకె గబగబా లేచింది. అత్తగారి గొంతులో గురక మొదలైంది. చెవిలో ఇప్పుడు ఒక గొంతు లేదు... చాలా ఉన్నాయి. ఆడవి, మగవి, ఎవరివో. పసివాళ్ళవి కూడా. అన్నీ ఒకేసారి అదే మాట. ఆ గుంపులోంచి ఆయన గొంతు మళ్ళీ పైకి తేలి, కేబులు కోస్తే అమ్మ ప్రాణం కూడా తెగిపోతుందని చెప్పింది. ఎంతో జాలిగా చెప్పింది.

బల్ల సొరుగులో కట్టరు ఎక్కడుంటుందో మొండక్క చేతికి చీకట్లో కూడా తెలుసు.

"నా మొగుడి గొంతు వేసుకుని నా ఇంట్లో, నా బల్ల మీద, నాకే అబద్ధం చెప్తావా?" అంది. ఆ మాటల్లో భయమెంతో కోపమెంతో ఆవిడకే తెలియదు. "అడుక్కుంటే బువ్వ పెట్టేదాన్ని. దొంగతనానికొచ్చావు. పో."

నొక్కింది. రాగి తీగ తెగితే టక్కుమంటుంది. ఇది టక్కుమనలేదు. పచ్చి కాడ తెగినట్టు మెత్తగా తెగింది. చెవిలో ఏదో పెద్దగా శ్వాస లోపలికి లాక్కుంది. మీటరు తెర ఆరిపోయింది.

చీకట్లో చాలాసేపు వాన తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత పడక్కుర్చీలోంచి దగ్గు వినిపించింది. ఆ వెనకే, ఎముకల్లో చలి పుడుతోందనీ, కంబళి కప్పాలన్న ఇంగితం కూడా లేదా అనీ సణుగుడు. మొండక్క నేల మీద కూలబడి, ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టుకుని, రెండేళ్ళది ఒక్కసారిగా ఏడ్చింది. ముసలావిడ తిట్టలేదు. తనూ ఏడ్చింది.

కరెంటు వచ్చాక చూస్తే, బల్ల మీద మిగిలిన ముక్కలో తీగ లేదు. లోపలంతా బోలు. అత్తగారి పిడికిలి విప్పి చూస్తే అందులో రెండో ముక్క లేదు. కుర్చీ కింద, గోడ వార, గోనెసంచిలో, ఎక్కడ వెతికినా లేదు. దొరికిన ముక్కని కుంపట్లో వేసి బూడిదయ్యేదాకా కదలకుండా చూసింది మొండక్క. మెషిన్లు రెండింటినీ సుత్తితో చితక్కొట్టింది. కొత్తవి కొనేదాకా చెవిటిదానిలా పడుంటానులే అని అత్తగారు ఒప్పుకుంది.

దీపాలు పెట్టే వేళకి షట్టరు దించేసి, ముందుగదిలోనే కుంపటి పక్కన ఇద్దరూ చెరో గ్లాసు వేడిపాలు పట్టుకుని కూర్చున్నారు. వాన తగ్గలేదు. ముసలావిడ చేతుల్లోకి మెల్లగా రంగు తిరిగొచ్చింది.

"అమ్మాయ్," అంది ఆవిడ ఉన్నట్టుండి. "షట్టరు బయట ఎవరో నిలబడ్డారు."

చెవుల్లో మెషిన్లు లేవు. మొండక్క గొంతు పెంచకుండా, పెదవులు కదిలీ కదలకుండా అడిగింది.

"మీకెలా తెలుసు అత్తయ్యా?"

"వింటుంటే తెలియట్లా? అంతటా వాన పడుతున్న చప్పుడే. అక్కడ మాత్రం, మనిషంత మేర... చప్పుడు లేదు."

మొండక్క పాలగ్లాసు కింద పెట్టింది. లేచి కట్టరు తెచ్చుకుని, అత్తగారికీ షట్టరుకీ మధ్య స్టూలు వేసుకుని, షట్టరుకి ఎదురుగా కూర్చుంది.

"నిలబడనీండి," అంది బయటికి వినపడేలా. "కాళ్ళు పీకితే అదే కూర్చుంటుంది."

కాసేపటికి షట్టరు రేకు కొంచెం లోపలికి ఒరిగింది... ఎవరో దానికి వీపు ఆనించి, మెల్లగా కిందికి జారి, గుమ్మంలో కూర్చున్నట్టు.